మా కొట్టు నంబరు

మా కొట్టులో ఫోను కాటా పక్కనే ఉండేది. బొత్తాల ఫోను. అంకెలన్నీ అరిగిపోయి, ఐదు మీద చిన్న బొడిపె మాత్రం మిగిలింది. వెనక మూత ఊడిపోకుండా నాన్న దానికి రబ్బరు బ్యాండు చుట్టాడు. ఆ నంబరు షట్టరు మీద నీలం పెయింటుతో రాయించాడు. షట్టరు పైకెత్తితే కనపడదని తర్వాత తోచి, పక్క గోడ మీద ఇంకోసారి రాయించాడు.

మాది చీపురుపల్లి నుంచి రాజాం వెళ్ళే దారిలో ఒక ఊరు. బస్సు ఆగేచోట కిరాణా కొట్టు, కొట్టు వెనక ఇల్లు. వీధిలో చాలామంది వరీ, మొక్కజొన్నా, గోగూ వేసే రైతులు, వాళ్ళ పొలాల్లో పనికి వెళ్ళేవాళ్ళు. పొలానికి వెళ్తూ ఇంటి తాళంచెవి మా కొట్టులో ఇచ్చి వెళ్ళడం అలవాటు. చాలామంది రెండో తాళంచెవి ఎప్పుడూ మా దగ్గరే ఉంచేసేవాళ్ళు. గల్లాపెట్టె వెనక గోడకి మేకుల వరుస ఉండేది, మేకుకో తాళంచెవి. ఏది ఎవరిదో నాన్నకి చూడకుండానే తెలుసు. టౌను నుంచి తెప్పించుకున్న మందులు, పెళ్ళి కార్డులు, బడి నుంచి వచ్చే పిల్లకి చెప్పమని తల్లి వదిలిన మాట, అన్నీ కొట్టులోనే దిగేవి. అందుకని కార్డులన్నిటికీ ఫోను నంబరు కావాలని ఆఫీసులవాళ్ళు అడగడం మొదలుపెట్టినప్పుడు, ఫోను లేనివాళ్ళూ, ఉన్నా పండక్కో సిమ్ము మార్చేవాళ్ళూ మా కొట్టు నంబరే ఇచ్చేశారు. నాన్నని ఎవరూ అడగలేదు. తాళంచెవి ఇచ్చేటప్పుడు కూడా ఎవరూ అడగరు.

నేను రాజాంలో ఇంజినీరింగు పూర్తిచేసి ఇంటికి వచ్చేసరికి పరిస్థితి ఇది. చదివింది కంప్యూటర్ సైన్సు. కాలేజీకి వచ్చి ఉద్యోగం ఇస్తామన్న కంపెనీ చేరే తేదీ మాత్రం చెప్పలేదు. అడిగితే ‘త్వరలో’ అని మెయిలు వచ్చేది. అందాకా కొట్టులో కూర్చుని చింతపండు తూచేవాణ్ణి.

దేన్నయినా విడగొట్టి వరసలో పెట్టుకుని చూడడం నాకు అలవాటు. ఆ ఫోనుకి వచ్చే మెసేజీలను అలాగే చూశాను. గ్యాసువి, రేషనువి, పింఛనువి, ఉపాధి కూలివి, బ్యాంకువి, పిల్లల స్కాలర్‌షిప్పువి. ఆరు రకాలు. వీధిలో ఎవరికి కూలి పడింది, ఎవరికి పడలేదు, ఎవరి బ్యాంకులో ఏమీ మిగల్లేదు, ఎవరి కూతురు చదువు మానేసింది అన్నది ఆ అరిగిపోయిన ఫోను చూసి చెప్పేయొచ్చు. ఓటీపీ వస్తే నాన్న అరుగు మీదికి వచ్చి అంకెలు గట్టిగా చదివేవాడు. ఎదురింట్లోంచి ఎవరో వాటిని తిరిగి అప్పజెప్పేవాళ్ళు. వీధి మొత్తం వినేది.

“నాన్నా, ఇది ప్రమాదం. ఒకే నంబరుకి ఇంతమంది పేర్లు ఉండకూడదు” అన్నాను.

“ఎవులికి ప్రమాదం?”

“వాళ్ళకీ, నీకూ.”

నాన్న మేకుల వైపు చెయ్యి చూపించాడు. “ఇన్ని తాళాలున్నాయి. ఎవులింట్లోనైనా సెంబు పోనాదా ఎప్పుడైనా?”

“తాళాలు మన గోడకే ఉంటాయి. ఈ సమాచారం మన దగ్గర ఉండదు నాన్నా.”

“మరెక్కడుంటాది?”

సర్వరు అంటే ఏమిటో చెప్పాను. ఒక్క చోట ఉండదనీ, అక్కణ్ణుంచి ఇంకెవరి చేతికి వెళ్తుందో మనకి తెలియదనీ చెప్పాను. నాన్న శ్రద్ధగా విన్నాడు. నా చదువంటే ఆయనకి గౌరవం.

“ఆ సర్వరు కాడైనా ఎవుడో ఒకడు కూకునే ఉంటాడు కదరా. ఆడికీ ఇల్లూ వాకిలీ ఉంటాది. ఊరికే ఒకలి గుట్టు ఒకలికి ఎందుకు సెప్తాడు?”

నాన్న నమ్మకం అంతా ఆ మాటలో ఉంది. కొట్లో కూర్చునేవాడు నోరు మూసుకుని ఉంటాడు. ఏ ఇంట్లో పెళ్ళిచూపులకి జీడిపప్పు కొన్నారో, ఏ ఇంట్లో నూనె తగ్గించారో ఆయన మాకు కూడా చెప్పేవాడు కాదు. ఎన్నికలప్పుడు రెండు పార్టీల ఊరేగింపులూ కొట్టు ముందే ఆగేవి. ఇద్దరికీ మంచినీళ్ళ బిందె బయట పెట్టేవాడు. ఇద్దరి జెండాలూ వద్దనేవాడు. “కొట్టుకి పార్టీ ఉండదు” అనేవాడు. ఓటు ఎవరికి వేస్తాడో మా అమ్మకి కూడా తెలియదు.

ఆయనతో కాదని జనానికి చెప్పి చూశాను. మా కొట్టు వెనక సందులో ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. మామ్మా అని పిలిచేవాణ్ణి. జీవితమంతా గోగునార తీసిన మనిషి. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. నేను మాట్లాడుతుంటే చుట్ట తీసి, బూడిద నోట్లోంచి తుడుచుకుని అడిగింది.

“ఏటి బావూ, మీ కొట్టు నంబరు మేం ఎట్టుకోకూడదా? ఏటి తప్పు సేసినాం?”

“తప్పు కాదు మామ్మా. నీకంటూ ఒక ఫోను ఉంటే మంచిది.”

“నాకు ఫోనెందుకు? నాకెవులు సేస్తారు? సేసినా నాకు ఇనపడి సావదు. మీ నానకైతే ఇనపడతాది.”

పక్కన బెల్లం కొంటున్న రైతు నవ్వాడు. “సదువుకున్న గుంటడు ఇంటికొస్తే ఇంతేనే అప్పా. నిన్న మా ఆవిడకి కూడా సెప్పినాడు, మొగుడికి కూడా అంకెలు సెప్పొద్దని. అది నాకు సెప్పడం మానీసినాది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజానికి నేను వాళ్ళకి చెప్పిందేదీ నాకు నేను చేసుకోలేదు. సాయంత్రాలు ఉద్యోగాల వెబ్‌సైట్లలో కూర్చునేవాణ్ణి. పేరు, పుట్టిన తేదీ, అమ్మ పేరు, పదో తరగతి మార్కులు, ఆధార్ కాపీ, ఫొటో అడిగేవాళ్ళు. కొందరు కులం కూడా అడిగేవాళ్ళు. కింద ఒక చిన్న గడి, దాని పక్కన ‘అంగీకరిస్తున్నాను’. ఆ నిబంధనలు మొత్తం చదివేవాణ్ణి. చదివాక కూడా టిక్కు పెట్టేవాణ్ణి, పెట్టకపోతే తర్వాతి పేజీ రాదు. ఆ వారం నుంచే ఫోన్లు వచ్చేవి. డబ్బు కడితే ట్రైనింగు, ట్రైనింగు తర్వాత ఉద్యోగం. నా మార్కులు నాకంటే బాగా వాళ్ళకి గుర్తుండేవి.

అలా ఉండగా కొట్టు ఫోనుకి కొత్తరకం కాల్స్ మొదలయ్యాయి. రికార్డు చేసిన ఆడగొంతు. ముందు నమస్కారం, తర్వాత కార్డులో ఉన్న మనిషి పేరు. మీకు పింఛను సరిగా అందుతోందా, రేషను అందుతోందా, మీ వీధిలో కాలువ శుభ్రంగా ఉందా. సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి.

మొదట్లో నాన్న ఆమె నిజంగా మాట్లాడుతోందనుకున్నాడు. “ఉండండమ్మా, పిలుస్తాను” అని ఆ పేరుగల మనిషి కోసం సందులోకి కేకేసేవాడు. ఆ మనిషి వచ్చేసరికి లైను కట్టయ్యేది. కాసేపటికి మళ్ళీ వచ్చేది. అది రికార్డని నేను చెప్పాక పిలవడం మానేశాడు. తనే నొక్కడం మొదలుపెట్టాడు.

విసుగ్గా ఏదో ఒకటి నొక్కేసి ఉంటే బాగుండేది. ఆయన అలా చేసే మనిషి కాదు. కాటా దగ్గర ఎంత నిక్కచ్చో ఇక్కడా అంతే. బొటనవేలు బొత్తాల మీద ఆపి, నావైపు తిరిగి, “పొద్దున్న ఆడు రేషను గురించి ఏటన్నాడురా?” అని అడిగేవాడు. బియ్యం బాగున్నాయన్నవాడి పేరు మీద వస్తే ఒకటి. పురుగులున్నాయన్నవాడి పేరు మీద వస్తే రెండు. మనిషి ఇంట్లో లేనప్పుడు అతని కోసం వచ్చినదాన్ని దించుకున్నట్టే ఇదీ అనుకున్నాడు.

“కట్ చేసెయ్ నాన్నా. ఏదీ నొక్కకు.”

“మళ్ళీ సేస్తారు. అయినా పాపం అడుగుతున్నారు కదా. ఆలనీలనీ అడక్కుండా మనల్నే అడుగుతుంటే, ఉన్నది సెప్పడానికేటి?”

“నిన్ను కాదు అడుగుతున్నది.”

“ఆలు సెప్పిందే కదా నేను నొక్కుతున్నాను” అన్నాడు.

ఆ వానాకాలం మామ్మకి పింఛను రాలేదు. వేలు పెట్టే మెషీను ఆమె వేళ్ళని గుర్తుపట్టలేదు. నార తీసి తీసి గీతలు లేవు. ఒకసారి తడి అన్నారు, ఒకసారి నెట్టు లేదన్నారు, తర్వాత మళ్ళీ రమ్మన్నారు. అరుగు మీద కూర్చుని రెండు అరచేతులూ నాన్న ముందు చాపింది.

“నా ఏళ్ళు నావి కావంట సావుకారూ. ఇన్నాళ్ళూ ఎవులి ఏళ్ళతో అన్నం తిన్నానో.”

ఇంకా చాలా అంది. పంచాయితీ వాళ్ళని తిట్టింది, ఓటేయించుకున్నవాళ్ళని తిట్టింది, వాళ్ళ తాతల వరకూ వెళ్ళింది. నాన్న వింటూ చుట్టలు పొట్లం కట్టి ఇచ్చాడు. కొన్ని రోజులకి ఆమె పేరు మీద కాల్ వచ్చింది. నాన్న నన్ను ఏమీ అడగలేదు. రెండు నొక్కాడు.

ఆ వానల్లో చాలామందికి చాలావాటి మీద ఫిర్యాదులున్నాయి. మా కొట్టు నంబరు నుంచి రెండ్లు వరసగా వెళ్ళాయి.

ఒక మధ్యాహ్నం అధికార పార్టీ తరఫున ఊళ్ళో పనులు చూసే ఆయన వచ్చాడు. బడిలో నాకు సీనియర్. బియ్యం బస్తా మీద కూర్చుని సోడా అడిగాడు. తాగాక నెమ్మదిగా మొదలుపెట్టాడు.

“ఏటి సావుకారూ, మా మీద కోపం వచ్చినాదా?”

“నాకు ఎవులి మీద కోపం నాయినా?”

“మరి నీ ఫోను కాడినుంచి రెండు, రెండు, రెండు. మండలంలో మన ఊరే అడుక్కి ఎల్లిపోనాది. పైనోళ్ళు నన్నడుగుతన్నారు, ఎవుడా మనిషి అని.”

నాన్న చేతిలో పొట్లం కట్టే దారం అలాగే ఉండిపోయింది. “అవి నావి కాదు కదా. ఆలాల మాటలు.”

“ఆలు నొక్కలేదు కదా. నువ్వు నొక్కినావు.”

నేను కల్పించుకున్నాను. ఒకే నంబరు చాలా కార్డులకి ఉందనీ, కాల్ పేరు ప్రకారం వస్తుంది గానీ జవాబు నంబరు ప్రకారం నమోదవుతుందనీ, అందువల్ల ఎందరో చెప్పింది ఒక్కడు చెప్పినట్టు కనపడుతుందనీ వివరించాను. అతను తల ఊపుతూ విన్నాడు.

“అదే తమ్ముడూ, నానూ అదే అంటన్నాను. ఒక్కడే మనిషి.” నాన్న వైపు తిరిగాడు. “అవతలోళ్ళు ఏటిస్తామన్నారు సావుకారూ? నాకు సెప్పు, ఎవులికీ సెప్పను.”

నాన్నని అలాంటి మాట అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు. అతను లేచి, సోడా సీసా కాటా మీద పెట్టి వెళ్ళాడు. ముల్లు అటు ఒరిగింది. నాన్న చాలాసేపు సీసా తియ్యలేదు.

ప్రజల అభిప్రాయం అని అడిగింది ప్రభుత్వం. ఆ అభిప్రాయం పేరుతో, నంబరుతో సహా మా ఊరి పార్టీ మనిషికి చేరింది. నేను కాలేజీలో చదువుకున్న బొమ్మలో ఈ రెంటికీ మధ్య ఒక గోడ ఉంటుంది. ఆ గోడ ఎక్కడ ఉండాలో నేను ఇప్పటికీ గీసి చూపించగలను. ఆ రోజు బియ్యం బస్తా మీద దాని జాడ లేదు.

ఆ తర్వాతి వారం నేను ఇంటర్వ్యూకి విశాఖపట్నం వెళ్ళాను. హాలు బయట మెట్ల మీద కూడా జనమే. బయోడేటాలు తీసుకుని పంపించేశారు. తిరుగు బస్సులో విజయనగరం దాటాక ఫోను తీస్తే మా ఊరి వాట్సాప్ గ్రూపులో నాన్న ఫొటో ఉంది.

ఎదటి పార్టీ వాళ్ళు కొట్టుకి వచ్చారట. నీలాంటోళ్ళు ఉండాలి సావుకారూ, భయపడకుండా నిజం నొక్కినావు అని శాలువా కప్పబోయారట. నాన్న వద్దన్నాడు. అయితే ఒక్క ఫొటో అన్నారు. ఇంటికొచ్చినవాణ్ణి ఒక్క మాటకి మించి కాదనడం ఆయనకి రాదు. గోడ పక్కన నిలబడ్డాడు, బడి ఫొటోలో పిల్లవాడిలా చేతులు కిందికి దించుకుని. ఆయన భుజం మీదుగా నీలం రంగులో మా నంబరు స్పష్టంగా కనపడుతోంది. ఫొటో కింద రాశారు: ‘ఊరందరి తరఫునా ప్రభుత్వానికి బుద్ధిచెప్పిన వ్యాపారి’.

తీసెయ్యమని గ్రూపు నడిపేవాడికి బస్సులోంచే ఫోను చేశాను. తీసేశాడు. అప్పటికి అది ఎన్ని గ్రూపుల్లోకి వెళ్ళిందో చెప్పలేనన్నాడు. నేనూ చెప్పలేను. నేను బస్సు దిగేసరికి కొట్టు ఫోను మోగుతోంది. ఎక్కడెక్కడి వాళ్ళో నాన్నకి ఫోను చేసి, కొందరు మెచ్చుకుంటున్నారు, ఎక్కువమంది తిడుతున్నారు. నాన్న ప్రతి కాలూ ఎత్తుతున్నాడు. వీధిలో ఎవరి పని మీద వచ్చిందో అని.

‘ఊరందరి తరఫునా’ అన్న మాట ఊరందరూ చదివారు. చదవలేనివాళ్ళకి పిల్లలు చదివి వినిపించారు.

మరుసటి రోజు మామ్మ వచ్చింది. ఈసారి అరుగు మీద కూర్చోలేదు. పింఛను పూర్తిగా ఆపేశారట, మళ్ళీ విచారణ అన్నారట. వేళ్ళ వల్లా, ఎవరి లెక్కలోనో పొరపాటు వల్లా, నాన్న రెండు నొక్కడం వల్లా? మూడూ సాధ్యమే. ఏదో తేల్చడానికి మా దగ్గర ఆధారం లేదు. ఆఫీసుకి వెళ్ళి అడిగాను. సిస్టమ్‌లో అలాగే చూపిస్తోందన్నారు.

“నానెప్పుడు సెప్పమన్నాను సావుకారూ?” అంది మామ్మ.

“నువ్వన్నదే కదమ్మా” అన్నాడు నాన్న.

“అన్నాను. నీకాడ అన్నాను. కడుపు మండి నీకాడ ఏడిసినాను. ఆలకి సెప్పమన్నానా?”

నాన్న కాటా వైపు చూశాడు.

“ఆలొచ్చి నా గుమ్మంలో అడిగితే, బాగున్నాది బావూ, సల్లగుండండి అందును. నా నోటితో నాను అలగే అందును. నువ్వు నా నోరు తీసుకెల్లిపోనావు.”

మేకుల వైపు చెయ్యి చాపి తన తాళంచెవి అడిగింది. నాన్న తీసి ఇచ్చాడు. ఆమె ఇంట్లో దొంగలెత్తుకెళ్ళేది ఏమీ లేదు.

తర్వాత ఒకరొకరూ కొత్త సిమ్మో, చుట్టాల నంబరో తెచ్చి కార్డుల్లో నంబరు మార్చుకోవడం మొదలుపెట్టారు. ఎలా మార్చాలో తెలిసింది నాకే కాబట్టి నా దగ్గరికే వచ్చారు. బ్యాంకుకీ, గ్యాసుకీ కొత్త నంబరు పడాలంటే ముందు పాత నంబరుకి ఓటీపీ వస్తుంది. ఆ అంకెలు చెబితేగానీ మారదు. అందుకని ప్రతివాళ్ళూ కొట్టు ముందు నిలబడవలసి వచ్చింది. నేను నా ఫోనులో పని చేస్తూ ఉంటే, కాటా పక్కన ఫోను గుర్రుమనేది. నాన్న తీసి అంకెలు చదివేవాడు. ఇదివరకులా గట్టిగా కాదు. ఎదురుగా ఉన్న మనిషికి మాత్రమే వినపడేట్టు.

“అయిపోనాదా?” అని వాళ్ళు నన్నడిగేవాళ్ళు.

“అయిపోయింది.”

తాళంచెవి కూడా ఇమ్మనేవాళ్ళు. కొందరు మొహమాటానికి అగ్గిపెట్టె కొనేవాళ్ళు. ఆ రోజు బెల్లం కొంటూ నవ్విన రైతు ఆఖర్న వచ్చాడు. “ఏటనుకోకు సావుకారూ. మా కాలవ పని బిల్లు ఆగి ఉన్నాది. ఇప్పుడు నీ పేరుతో పాటు మా పేరు ఉంటే బాగోదు” అన్నాడు. నాన్న అనుకోను నాయినా అని, అంకెలు చదివాడు.

ఒకే నంబరుకి ఇంతమంది ఉండకూడదని నేను కోరుకున్నదే జరిగింది. ఏ పాఠ్యపుస్తకం ప్రకారం చూసినా మా వీధి ఇప్పుడు ముందుకంటే సురక్షితం. సందులో పిలుపులు లేవు. వస్తువులు కొనడానికి చాలామంది రోడ్డు అవతల కొత్తగా పెట్టిన కొట్టుకి వెళ్తున్నారు. మామ్మ అక్కడే చుట్టలు కొంటుంది. పింఛను ఇంకా రాలేదు. నాకు చేరే తేదీ కూడా రాలేదు. మేకులు ఖాళీగా ఉంటే బాగోలేదని అమ్మ వాటికి షాంపూ ప్యాకెట్ల దండలు వేలాడదీసింది.

మొన్న మధ్యాహ్నం కొట్లో ముగ్గురు ఉన్నారు, బస్సు కోసం ఆగిన పొరుగూరివాళ్ళు. నాన్న బెల్లం తూస్తున్నాడు. ఫోను మోగింది. చాలా రోజుల తర్వాత ఆ ఆడగొంతు. నమస్కారం అని, ఈసారి నాన్న పేరు చెప్పింది. అలాంటి కాల్ ఆయన పేరు మీద రావడం అదే మొదలు. ఆమె ఇంకా దేని గురించి అడుగుతుందో చెప్పనే లేదు. నాన్న ఆ ముగ్గురి వైపూ, వీధి వైపూ చూసి, ఒకటి నొక్కాడు. ఫోను చెవి నుంచి తీసి చూసి, ఇంకోసారి నొక్కాడు.

“ఏం అడిగారని నొక్కావు నాన్నా?” అన్నాను, వాళ్ళు బస్సెక్కాక.

“ఏటో రా. ఒకటి నొక్కీసాను” అని బెల్లం మిగతా ముక్కని గోనెతో కప్పాడు.